విజ్జీ జట్టు నుంచి అల్టిమేట్ టీమ్ దాకా: ప్లేయర్ కార్డుల బేరం కథ

"అన్నా, ఫుట్‌బాల్ గేమ్‌లో ప్లేయర్ కార్డులు కొని అమ్మితే డబ్బులొస్తాయా?" మన శ్రీకాకుళం, విజయనగరం గుంటలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అసలీ కార్డుని ఎవరు పుట్టించారు, ఎందుకు పుట్టించారు అన్నది తెలిస్తే జవాబు మీరే చెప్పేస్తారు. అందుకే ఇవాళ కొంచెం చరిత్రలోకి వెళ్దాం.

ముందు మన ఊరు. పెద్ద పెద్ద ఆటగాళ్ళందర్నీ తెచ్చి నా జట్టులో పెట్టుకోవాలి, దానికి నేనే కెప్టెన్ అవ్వాలి. అల్టిమేట్ టీమ్ ఆడే ప్రతివాడి కోరికా ఇదే కదా. ఈ కోరికని నిజం మనుషులతోనే తీర్చుకున్నాయన విజయనగరం రాజకుటుంబంలో ఉన్నాడు. పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు, పుట్టింది 1905లో. లోకమంతా విజ్జీ అనే పిలిచింది. కాశీలో ఉన్న కుటుంబ ఎస్టేట్‌కి వెళ్ళి, అక్కడ ప్యాలెస్ ఆవరణలోనే క్రికెట్ గ్రౌండ్ వేయించాడు. 1930-31లో శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఇంగ్లండు నుంచి రావాల్సిన ఎంసీసీ జట్టు రాలేదు. విజ్జీ ఊరుకున్నాడా? సొంతంగా జట్టు కట్టేశాడు. ఇంగ్లండు ఓపెనర్లు జాక్ హాబ్స్‌ని, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ని రప్పించి, ఇండియా, సిలోన్ తిప్పి ఆడించాడు. అప్పట్లో వాళ్ళిద్దరూ ఒకే జట్టులో మన దేశంలో ఆడటమంటే ఇప్పుడు మెస్సీ, రొనాల్డో కలిసి మన కోట గ్రౌండ్‌కి వచ్చినట్టే.

ఆ ఊపులోనే 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్ కూడా అయ్యాడు. మన మొదటి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడు, ఆయనదీ తెలుగు కుటుంబమే, ఈ జట్టులో మామూలు ఆటగాడిగా ఉన్నాడు. లాలా అమర్‌నాథ్‌ని టెస్టులు మొదలవకముందే ఇంటికి పంపించేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. విజ్జీ కొట్టినవి మొత్తం 33 పరుగులు, సగటు 8.25. ఆయనకి కార్డు వేస్తే బ్రాంజ్ కూడా కష్టమే గురూ! అయితే ఒకటి, ఆయనకి ఆటంటే పిచ్చి ప్రేమ, ఆ మాట ఒప్పుకోవాలి. విజయనగరంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది.

సరే, రాజుగారికి ఎస్టేట్ ఉంది, ఆటగాళ్ళనే రప్పించుకున్నాడు. ఎస్టేట్ లేనివాడి సంగతేంటి? వాడికి అదే కోరికని చిన్న అట్టముక్క మీద అచ్చేసి అమ్మొచ్చని వ్యాపారులు విజ్జీ పుట్టకముందే కనిపెట్టేశారు. అమెరికాలో సిగరెట్ ప్యాకెట్లు మెత్తగా ఉండి నలిగిపోతుంటే, గట్టిగా నిలబడటానికి లోపల ఒక అట్ట పెట్టేవాళ్ళు. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద ఆటగాళ్ళ బొమ్మలేశారు. ఆ బొమ్మల కోసం మళ్ళీ మళ్ళీ అదే సిగరెట్ కొనడం మొదలైంది. ఇంగ్లండులో 1880లలో బ్రాడ్‌ఫర్డ్ ఊరి జాన్ బెయిన్స్ అనే వ్యాపారి ఫుట్‌బాల్ కార్డులనే విడిగా అమ్మాడు. అమెరికాలో 1909-11 మధ్య వచ్చిన హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు చాలా తక్కువ బయటికొచ్చింది. 2022లో అందులో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడుపోయింది.

తర్వాత ఇటలీ. మోడెనా ఊళ్ళో పత్రికల బడ్డీ నడిపే పానీనీ అన్నదమ్ములు 1961లో ఫుట్‌బాల్ స్టిక్కర్ల ఆల్బమ్ తెచ్చారు. 1970 మెక్సికో ప్రపంచ కప్‌తో అది దేశాలు దాటింది. ఇక్కడ ఒక లెక్క చూడండి, నాకు భలే నచ్చిన లెక్క. 2022 ప్రపంచ కప్ ఆల్బమ్‌లో 670 స్టిక్కర్లు. ఎవరితోనూ మార్చుకోకుండా, అదృష్టం మీదే ఆధారపడి మొత్తం నింపాలంటే సగటున 4,700 దాకా స్టిక్కర్లు కొనాలి. ఎందుకంటే చివరి పది కోసం వందలకొద్దీ డబుల్స్ వచ్చిపడతాయి. ఆ డబుల్స్‌ని పక్కవాడితో మార్చుకోవడం దగ్గరే కార్డుల బేరం పుట్టింది. మన దగ్గరా ఉండేది. మీ నాన్ననో బాబాయినో అడగండి, బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెట్ కార్డుల గురించి, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల గురించి. ఒక్క అండర్‌టేకర్‌కి ఎన్ని మామూలు కార్డులివ్వాలి అన్నది రీసెస్‌లో తేలే ధర.

ఇప్పుడు ఫోన్‌లోకి వద్దాం. ఈఏ కంపెనీ 2009 మార్చిలో ఫిఫా 09 గేమ్‌కి అల్టిమేట్ టీమ్ అనే మోడ్ కలిపింది. అదే పాత ప్యాక్, అదే డబుల్స్. తేడా ఏంటంటే, రీసెస్ బదులు లోపలే ఒక వేలం మార్కెట్ పెట్టారు. ఆ మార్కెట్‌ని చూసే మనవాళ్ళు 'ట్రేడింగ్' అంటున్నారు.

అక్కడ లాభం ఎలా వస్తుందో చెప్తాను, నిజంగానే వస్తుంది. పలాస జీడిపప్పు తెలుసుగా. ఉద్దానంలో పంట దిగే రోజుల్లో పిక్క కొనిపెట్టుకుని, గిరాకీ ఉన్నప్పుడు అమ్మే వ్యాపారి తెలివే ఇక్కడా కావాలి. జనవరిలో 'టీమ్ ఆఫ్ ద ఇయర్' వచ్చినప్పుడు అందరూ ప్యాకులు చింపుతారు, మామూలు కార్డులు మార్కెట్ మీద వర్షంలా పడతాయి, రేటు పడిపోతుంది. ఫిఫా 17 నుంచి వచ్చిన స్క్వాడ్ బిల్డింగ్ ఛాలెంజ్‌లో ఫలానా రేటింగ్ కార్డులు కావాలంటే, అప్పటిదాకా ఎవడూ పట్టించుకోని కార్డుకి ఒక్కసారిగా గిరాకీ వస్తుంది. ముందే పసిగట్టినవాడు గెలుస్తాడు. ఇంకొందరు, ఎవడో పొరపాటున తక్కువకి పెట్టిన కార్డుని క్షణాల్లో లాగేస్తారు. దాన్ని స్నైపింగ్ అంటారు.

కానీ ప్రతి అమ్మకం మీదా కంపెనీ 5 శాతం కోస్తుంది. 10,000 కాయిన్లకి కొని 10,500కి అమ్మారనుకోండి. 525 పోతుంది, చేతికొచ్చేది 9,975. లాభమనుకున్నది 25 కాయిన్ల నష్టం! 10,750కి అమ్మితే మిగిలేది 212. ఫోన్‌లో ఆడే మొబైల్ గేమ్ మార్కెట్‌లో నియమాలు కొంచెం వేరు, కానీ అక్కడా ధర మీద చివరి మాట కంపెనీదే. పలాస వ్యాపారి గోదాం తాళం ఆయన దగ్గరే ఉంటుంది. మీ గోదాం తాళం మీ దగ్గర లేదు.

ఇక నిజం డబ్బు. కాయిన్లని రూపాయలకి అమ్మడం గేమ్ నియమాలకే విరుద్ధం, దొరికితే అకౌంట్ పోతుంది. అయినా ఆ దొంగ మార్కెట్ పెద్దది. ఎలా నడిచేదో చూడండి. కాయిన్లు కొనేవాడు ఒక పనికిరాని కార్డుని లక్ష కాయిన్లకి వేలం పెడతాడు, అమ్మేవాడు అదే ధరకి కొంటాడు. కాయిన్లు చేతులు మారిపోయాయి. దీన్ని ఆపడానికే 2015 మార్చిలో ప్రతి కార్డుకీ ఇంతకి తగ్గకూడదు, ఇంతకి మించకూడదు అని హద్దులు పెట్టారు. ఆ దెబ్బకి నిజాయితీగా ట్రేడ్ చేసుకుంటున్నవాళ్ళ కార్డుల రేట్లు కూడా రాత్రికి రాత్రే కుప్పకూలాయి. వాళ్ళని అడిగినవాడు లేడు. అమెరికాలోనైతే ఒక ముఠా, మ్యాచ్‌లు ఆడేసినట్టు సర్వర్‌కి దొంగ సంకేతాలు పంపి కాయిన్లు పుట్టించి అమ్ముకుంది. 2016లో టెక్సస్ కోర్టు దాకా వెళ్ళిన ఆ కేసులో లెక్క కోటీ 60 లక్షల డాలర్ల పైమాటే.

అసలు సంపాదన ఎవరిదో చెప్పనా? 2021 మార్చితో ముగిసిన ఏడాదిలో అల్టిమేట్ టీమ్ మీద ఈఏకి వచ్చింది 162 కోట్ల డాలర్లు.

మరి ప్యాక్ చింపడం జూదమా, ఆటా? బెల్జియం జూదమే అంది. అందుకే 2019 జనవరి తర్వాత అక్కడ ఫిఫా పాయింట్లు అమ్మడం ఆగిపోయింది. నెదర్లాండ్స్‌లో కోటి యూరోల జరిమానా వేస్తే, 2022లో పై కోర్టు కొట్టేసింది. ఈ 'తెలివా, అదృష్టమా' అనే గొడవ మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. సికింద్రాబాద్ క్లబ్బులో పేకాట మీద పెట్టిన కేసులో 1967లోనే సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని తేల్చింది. ఆ కేసు పేరులోనే ఆంధ్రప్రదేశ్ ఉంది. అదే ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం కట్టే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమైతే తెలివా అదృష్టమా అన్న తేడాయే చూడలేదు, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. పందెం అంటే నోట్లే కానక్కర్లేదు, డబ్బుతో సమానమైన కాయిన్లు, టోకెన్లు కూడా అంది. ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం విడిగా గుర్తించింది. కాబట్టి కాయిన్లు అమ్మిపెడతాం, యూపీఐలో పంపండి అని టెలిగ్రామ్‌లో ఎవడైనా అంటే, అటు కంపెనీ మీ వైపు ఉండదు, ఇటు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి చెప్పుకోవడానికీ మొహం చెల్లదు. మన దగ్గర అలా పోయేది చాలాసార్లు నాన్న ఫోన్‌పేలో డబ్బు.

గేమ్ లోపలి కాయిన్లతో లోపలే ఆడుకునేవాళ్ళకి నా అభ్యంతరం లేదు, అదో సరదా చదరంగం. అయితే ఏటా సెప్టెంబర్ ప్రాంతంలో కొత్త ఎడిషన్ వస్తుంది. పాతదాంట్లో కూడబెట్టిన కార్డులు, కాయిన్లు కొత్తదాంట్లోకి రావు. అదే మీ నాన్న ట్రంకుపెట్టెలో ట్రంప్ కార్డులు ఇంకా ఉండొచ్చు. దొరికితే ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి, అండర్‌టేకర్ ఉంటే మరీ మంచిది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.