గడువు తేదీ: శిస్తు కిస్తు నుంచి కరెంటు బిల్లు దాకా

ఇంటి బిల్లును గడువులోగా కట్టాలని, గడువు దాటితే నష్టం తప్పదని తెలుగు ప్రాంతాల ప్రజలకు నేర్పింది కరెంటు ఒక్కటే కాదు. అంతకు చాలా ముందే భూమిశిస్తు కిస్తులు, మునిసిపాలిటీ ఇంటి పన్ను ఆ పాఠం చెప్పాయి. గడువు దాటినవారికి పడే శిక్ష మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మొదట సామాను జప్తు చేసేవారు. తర్వాత ఫ్యూజు తీసుకుపోయారు. ఆపై సర్‌చార్జి వచ్చింది. చివరికి ముందుగా కట్టినవారికి రాయితీ ఇచ్చే దశ కూడా వచ్చింది. శిక్షతోపాటు డబ్బు కట్టే చోటు కూడా మారింది. బిల్లుల డబ్బు వేళకు వసూలవడంలో శిక్ష ఎంత కఠినమన్నదానికంటే, కట్టే చోటు ఎంత దగ్గరన్నదే ఎక్కువ పనిచేసింది.

శిస్తు, ఇంటి పన్ను

పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల రైత్వారీ గ్రామాల్లో ఏడాది శిస్తును ఒకేసారి కాక కిస్తులుగా వసూలు చేసేవారు. పంట చేతికొచ్చి రైతు దగ్గర డబ్బు ఆడే నెలలను చూసి కిస్తుల గడువులు పెట్టేవారు. లెక్కలు కరణం రాసేవాడు, వసూలు మునసబు చూసేవాడు. ఎవరు ఎంత కట్టాలో ఏటా జమాబందీలో తేలేది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో లెక్కలు పట్వారీవి, వసూలు మాలీపటేల్‌ది. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో కిస్తు తప్పితే 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం కింద చరాస్తిని గానీ భూమిని గానీ జప్తు చేసి వేలం వేసే అధికారం సర్కారుకు ఉండేది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినా రికవరీ చట్టం మాత్రం నిలిచింది. ప్రభుత్వానికి రావలసిన రకరకాల బాకీలను భూమిశిస్తు బకాయి కిందే లెక్కగట్టి వసూలు చేయవచ్చన్న నిబంధన తర్వాతి చట్టాలెన్నిటిలోనో చేరింది. విద్యుత్ బోర్డు బకాయిల వసూలుకు 1984లోనే చేసిన చట్టం కూడా ఆ దారే పట్టింది.

పట్టణాల్లో ఈ పద్ధతికి జోడీ ఇంటి పన్ను. తెలుగు ప్రాంతంలోని పాత మునిసిపాలిటీల్లో ఒకటైన భీమునిపట్నం 1861లో ఏర్పడింది. ఇంటి పన్నును ఆరు నెలల లెక్కన, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటిగా వేసే పద్ధతి స్థిరపడింది. బిల్ కలెక్టర్ వీధులు తిరిగి బిల్లు ఇచ్చేవాడు, డబ్బు తీసుకుని రసీదు రాసేవాడు. కట్టకపోతే డిమాండ్ నోటీసు, దానికీ కదలకపోతే ఇంట్లోని సామాను జప్తు. పన్ను కట్టడానికి గడప దాటాల్సిన పని లేకపోయినా, బిల్ కలెక్టర్ వచ్చిన రోజున ఇంట్లో డబ్బుండాలి. అందుకే చాలా ఇళ్లలో పన్ను మార్చి నెలాఖరు దాకా సాగేది.

పాలు, కిరాణా, చాకలి పద్దులకు రాతపూర్వకమైన గడువేదీ ఉండేది కాదు. జీతం అందిన రోజున, పల్లెల్లోనైతే పంట ఇంటికొచ్చాక లెక్క తీరేది. ఆలస్యానికి రుసుము లేదు గానీ బాకీ పెరిగితే కొట్టువాడు అప్పు ఆపేసేవాడు.

మీటరు, కార్డు, ఫ్యూజు

కరెంటు ఈ లెక్కలన్నిటికీ భిన్నమైనది. శిస్తు ఎంతో ముందే తెలుస్తుంది, కరెంటు మాత్రం వాడిన తర్వాతే లెక్క తేలుతుంది. ఆ మొత్తం ప్రతిసారీ మారుతుంది. వాడకానికీ చెల్లింపుకీ మధ్య నెలో, రెండు నెలలో గడుస్తాయి కనుక సరఫరాదారు ఆ మేరకు అప్పు ఇచ్చినట్టే. ఈ అప్పుకు భద్రతగా మూడు ఏర్పాట్లు వచ్చాయి: కనెక్షన్ ఇచ్చేటప్పుడు డిపాజిట్, బిల్లు మీద గడువు తేదీ, గడువు దాటితే సరఫరా నిలిపివేత. 1910 నాటి భారత విద్యుత్ చట్టంలోని 24వ సెక్షన్, బాకీ పడినవారికి కనీసం ఏడు పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చి సరఫరా ఆపేందుకు లైసెన్సుదారుకు వీలు కల్పించింది.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక ఈ వ్యవస్థ ఊరూరికీ పాకింది. మీటరు పక్కన మేకుకు ఒక కార్డు వేలాడేది. రీడర్ వచ్చి అందులో తేదీ, రీడింగు వేసి సంతకం చేసేవాడు. ఆ అంకెలు రెవెన్యూ కార్యాలయానికి చేరి, అక్కడ లెడ్జర్లకెక్కి, బిల్లు తయారై ఇంటికి రావడానికి రోజులు పట్టేవి. ఈ ఆలస్యం గడువులోంచే తరిగిపోయేది. బిల్లు ఆలస్యంగా అందినవారికి కట్టడానికి నాలుగైదు రోజులే మిగిలేవి. దాంతో చివరి తేదీన విద్యుత్ కార్యాలయం కౌంటరు ముందు క్యూ రోడ్డెక్కేది. నీళ్ల బిల్లుకు మరో ఆఫీసు, టెలిఫోను బిల్లుకు ఇంకో ఆఫీసు, ఇంటి పన్నుకు వార్డు కార్యాలయం. అన్నీ పని వేళల్లోనే తెరుచుకునేవి. ఉద్యోగి సెలవు పెట్టాలి, లేదంటే ఇంట్లో పెద్దవాళ్లో కుర్రవాళ్లో పోయి నిలబడాలి.

చెక్కు ఇస్తే క్యూ తప్పేది గానీ అది చెల్లకపోతే గడువూ పోయేది, పేచీ కూడా మొదలయ్యేది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన 138వ సెక్షన్‌తో చెక్కు చెల్లకపోవడం నేరమైంది.

గడువు దాటాక లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోవడం వీధిలో అందరికీ తెలిసే శిక్ష. బకాయితోపాటు తిరిగి కలిపే రుసుము కడితేనే వెలుగు వచ్చేది. 2003 విద్యుత్ చట్టం ఇక్కడ వినియోగదారుకు కొంత మేలు చేసింది. 56వ సెక్షన్ ప్రకారం నోటీసు గడువు ఏడు రోజుల నుంచి పదిహేను పూర్తి రోజులకు పెరిగింది. అడిగిన మొత్తాన్ని గానీ, గత ఆరు నెలల సగటు బిల్లును గానీ (రెండిటిలో ఏది తక్కువైతే అది) అభ్యంతరం తెలుపుతూ జమ చేస్తే వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. రెండేళ్లు దాటిన బాకీని, ఆ కాలమంతా బిల్లుల్లో బకాయిగా చూపుతూ రాకపోతే, వసూలు చేయకూడదు. ఇప్పటి కరెంటు బిల్లుల మీద గడువు తేదీతోపాటు సరఫరా నిలిపివేసే తేదీ కూడా అచ్చవుతుంది.

ఆలస్యానికి లెక్క

1999లో విద్యుత్ బోర్డు ఉత్పత్తి, సరఫరా సంస్థలుగా విడిపోయింది. 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ సంస్థలు పుట్టాయి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి కూడా 1999లోనే ఏర్పడటంతో ఆలస్య రుసుము ఏటా వెలువడే టారిఫ్ ఉత్తర్వులో భాగమైంది. బిల్లు తేదీ నుంచి 14 రోజుల్లో కట్టాలి. దాటితే, కేటగిరీని బట్టి, వంద రూపాయలకు రోజుకు 5 పైసల చొప్పున గానీ, నిర్ణయించిన మొత్తం గానీ సర్‌చార్జిగా పడుతుంది. రోజుకు 5 పైసలు చిన్న మాటగానే వినిపిస్తుంది కానీ ఏడాదికి లెక్కిస్తే 18.25 శాతం. చిన్న బిల్లు కట్టే ఇంటికి నిర్ణీత మొత్తమే వర్తిస్తుంది కనుక, నిష్పత్తిలో చూస్తే భారం అక్కడే ఎక్కువ.

డిపాజిట్ కూడా ఈ లెక్కలోదే. నెలనెలా బిల్లు వచ్చే కనెక్షన్‌కు రెండు నెలల వాడకానికి సమానమైన డిపాజిట్ ఉండాలని నియమం. వాడకం పెరిగితే అదనంగా కట్టమని నోటీసు వస్తుంది. ఏసీడీ పేరుతో జనానికి తెలిసిన ఈ నోటీసు తరచూ వివాదమవుతూనే ఉంది. ఆ డిపాజిట్ మీద బ్యాంకు రేటుకు తగ్గకుండా వడ్డీ ఇవ్వాలని 2003 చట్టం చెబుతోంది.

బాకీ మనిషిదా, ఇంటిదా అన్న ప్రశ్న కూడా కోర్టుల దాకా వెళ్లింది. పాత యజమాని వదిలేసిన కరెంటు బకాయిని కట్టమని, కొత్త కనెక్షన్ అడిగే కొనుగోలుదారుకు షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2023 మేలో తీర్పు చెప్పింది. ఇల్లు కొనేముందు కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు చూడటం అందుకే తప్పనిసరి.

ఒకే కౌంటరు

కట్టే చోటును మార్చిన మొదటి పెద్ద ప్రయత్నం హైదరాబాద్‌లో జరిగింది. 1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో ఒక ప్రయోగ కేంద్రం తెరిచారు. కరెంటు, నీరు, టెలిఫోను, ఇంటి పన్ను ఏ శాఖదైనా, ఏ కౌంటరులోనైనా కట్టవచ్చన్నది దాని సూత్రం. 2001 ఆగస్టు 25న ఇది ఈసేవగా విస్తరించింది. పొద్దున్న 8 గంటల నుంచి రాత్రి 8 దాకా, సెలవు రోజుల్లో కూడా కొన్ని గంటలు కేంద్రాలు తెరిచి ఉండేవి. ఆఫీసుకు వెళ్లేముందో తిరిగొస్తూనో బిల్లు కట్టగలిగే రోజులు అలా వచ్చాయి. శాఖల కంప్యూటర్లతో కేంద్రాన్ని కలపడం, లావాదేవీని బట్టి ప్రైవేటు భాగస్వామికి రుసుము ఇవ్వడం దీని నిర్వహణ పద్ధతి. కేరళలో 2000లో ఫ్రెండ్స్ కేంద్రాలు, 2005లో బెంగళూరు వన్ ఇదే కోవలోవి. 2011 నవంబరులో మీసేవ వచ్చి, బిల్లులతోపాటు ధ్రువపత్రాలను కూడా ఆ కిటికీ దగ్గరికే తెచ్చింది.

అదే కాలంలో బిల్లు తయారీ కూడా ఇంటి ముంగిట్లోకి వచ్చింది. రీడర్ చేతిలోని యంత్రం అక్కడికక్కడే బిల్లు ముద్రించి ఇవ్వడంతో పద్నాలుగు రోజులూ వినియోగదారుకే దక్కాయి. తర్వాత మీటరు నుంచి పరారుణ కిరణాలతో నేరుగా అంకెలు తీసుకునే పద్ధతి రావడంతో తప్పు రీడింగులు తగ్గాయి. తలుపు తాళం వేసి ఉన్న ఇంటికి మాత్రం ‘డోర్ లాక్’ పేరుతో సగటు బిల్లు వస్తూనే ఉంది.

ఫోనులో బిల్లు

2016 రెండు మలుపుల సంవత్సరం. ఆ ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ, ఆగస్టులో ప్రయోగాత్మకంగా భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ మొదలయ్యాయి. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. రద్దయిన నోట్లతో కరెంటు, నీటి బిల్లులు, స్థానిక పన్నులు కట్టేందుకు కొన్నాళ్లు అనుమతించడంతో ఏళ్ల తరబడి పేరుకున్న బకాయిలు వెతుక్కుంటూ కౌంటర్లకు వచ్చాయి. జప్తు నోటీసులు సాధించలేనిది, చెల్లని డబ్బు వదిలించుకునే దారి దొరకడం సాధించింది.

2020లో కరోనా లాక్‌డౌన్ వల్ల రీడింగులు ఆగాయి. తెలంగాణలో అంతకు ముందు ఏడాది అదే నెల వాడకాన్ని బట్టి తాత్కాలిక బిల్లులు ఇచ్చారు. జూన్‌లో మూడు నెలల రీడింగు ఒకేసారి తీసినప్పుడు స్లాబు మారి బిల్లు పెరిగిందన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ ఏడాది చివర్లో కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నియమాల్లో ఇలాంటి సమస్యలకు జవాబులున్నాయి. రెండు బిల్లింగ్ కాలాలకు మించి అంచనా బిల్లులే ఇస్తూ పోతే, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, అసలు రీడింగు తీసేదాకా వినియోగదారు చెల్లింపు ఆపవచ్చు. బిల్లు ఇవ్వడంలో 60 రోజులు, అంతకు మించి ఆలస్యమైతే సంస్థే 2 నుంచి 5 శాతం రాయితీ ఇవ్వాలి. అంటే ఆలస్య రుసుము రెండో వైపు నుంచి కూడా లెక్కకొచ్చింది.

ఫోను చెల్లింపులకూ ఆటంకాలు తప్పలేదు. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంపిణీ సంస్థలు కరెంటు బిల్లులను తమ సొంత వెబ్‌సైట్, యాప్‌లలోనే కట్టాలని ప్రకటించాయి. భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థలో చేరాక ఇతర యాప్‌ల ద్వారా చెల్లింపులు మళ్లీ మొదలయ్యాయి.

రాయితీ, మాఫీ, ముందస్తు చెల్లింపు

ఇంటి పన్నులో శిక్షతోపాటు ప్రోత్సాహం కూడా చేరింది. గ్రేటర్ హైదరాబాద్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టినవారికి 5 శాతం రాయితీ ఇచ్చే పథకాలు అమలయ్యాయి. ఆలస్యమైతే నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం వడ్డీ. ఈ వడ్డీయే పెరిగి పెరిగి బకాయిని కట్టలేని బరువు చేస్తుంది. దాంతో మాఫీ పథకాలు వచ్చాయి. 2020లో గ్రేటర్ హైదరాబాద్ పాత బకాయిల వడ్డీలో 90 శాతం వదులుకుంది. ఇలాంటి పథకం వచ్చినప్పుడల్లా ఖజానాకు డబ్బు చేరుతుంది. కానీ గడువులోపు కట్టినవారికి దక్కేదేమీ లేదు, మళ్లీ మాఫీ వస్తుందిలే అని ఆగేవారికి ఆశ మిగులుతుంది. కరెంటుకూ ఇలాంటి మాఫీ వచ్చింది: 2004 మేలో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తుతోపాటు రైతుల కరెంటు బకాయిలు రద్దయ్యాయి. 2024 నుంచి తెలంగాణ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులైన ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. అక్కడ గడువు స్థానాన్ని యూనిట్ల పరిమితి ఆక్రమించింది. నెలాఖరులో మీటరు చూసుకునేది తేదీ కోసం కాదు, రెండు వందలు దాటకుండా ఉండేందుకు.

వీటన్నిటికంటే పెద్ద మార్పు ప్రీపెయిడ్ మీటరు. కొత్త కనెక్షన్లకు స్మార్ట్ ప్రీపెయిడ్ లేదా ప్రీపెయిడ్ మీటరే పెట్టాలని 2020 నియమాలు చెబుతున్నాయి. ముందస్తు చెల్లింపుకు ఒప్పుకున్నవారి నుంచి డిపాజిట్ అడగకూడదని 2003 చట్టంలోని 47వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ఈ పద్ధతిలో సరఫరాదారు అప్పు ఇవ్వడు కనుక డిపాజిట్, గడువు తేదీ, సర్‌చార్జి మూడింటికీ అవసరం ఉండదు. మొబైల్ ఫోనుల రీచార్జిలో ఈ అలవాటు ఇప్పటికే స్థిరపడింది. నష్టం కూడా లేకపోలేదు. వాడిన తర్వాత కట్టే పద్ధతిలో ఇంటికి బిల్లు గడువు 14 రోజులు, నోటీసు గడువు మరో 15 రోజులు దొరికేవి. ప్రీపెయిడ్‌లో ఆ వెసులుబాటు నిల్వ ఉన్న డబ్బుతోనే ముగుస్తుంది. నెల జీతం లేని, ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇళ్లకు చిన్న మొత్తాల రీచార్జి సౌకర్యం కావచ్చు, చేతిలో డబ్బు లేని రోజున చీకటి కావచ్చు. నిల్వ అయిపోయాక ఎన్ని గంటలు, ఏ వేళల్లో సరఫరా కొనసాగించాలన్నది నియంత్రణ మండళ్లు తేల్చాల్సిన విషయం.