మన ఊరి అమ్మ బొమ్మకెక్కిన కథ

చిత్రకారుడు తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఊళ్లోకి నాటకాల వాళ్లు దిగితే ఆ పిల్లవాడికి పండగే. ఆడవేషం కట్టే మగవాళ్లను కళ్లార్పకుండా చూసేవాడు. ముఖానికి రంగు, నుదుట బొట్టు, మెడనిండా నగలు పడగానే మామూలు మనిషి రాణి అయిపోయేవాడు. ఆ వింత అతని మనసులో అలాగే ఉండిపోయింది.

హైదరాబాద్ లలిత కళల కళాశాలలో చేరాక చెయ్యి తిరిగింది. ఇక ఎవరిని గీయాలన్నదే చిక్కు. క్యాలెండర్లలో అమ్మవార్లు తెల్లగా, నాజూగ్గా ఉండేవారు. ఆధునిక చిత్రకారుల చూపేమో పడమటి దేశాల మీద. నాట్లేసి ఇల్లు చేరే నల్లని ఆడమనిషికి అటూ చోటు లేదు, ఇటూ లేదు.

1970ల మొదట్లో బరోడా వెళ్లారు. అక్కడి గురువు కె.జి. సుబ్రమణ్యన్ జానపద కళలనూ చేతిపనులనూ ఎంతో గౌరవించేవారు. సొంత నేల మీదికి చూపు తిప్పుకోవాలని శిష్యుడికి తెలిసొచ్చింది. అయినా తనదనే బొమ్మ వెంటనే దొరకలేదు. తిరిగొచ్చాక బొగ్గుతో, పెన్సిల్‌తో గీస్తూ ఏళ్ల తరబడి వెతుక్కున్నారు.

వెతుకుతున్నది చివరికి సొంత ఊళ్లోనే కనబడింది. అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు, చిన్ననాటి నాటకాల రాణులు 1980లలో ఒకే రూపంలో కలిశారు. నల్లని నిండైన ముఖం, రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు, ముక్కుపుల్ల, చేతినిండా గాజులు, పక్కన ఓ చిలుక. కలగలిపిన రంగులు మన చుట్టూ కనబడవంటూ ఎరుపు, పసుపు వంటి పచ్చి రంగులే పట్టుకున్నారు.

అదే కాలంలో మరో అవకాశం తలుపు తట్టింది. దర్శకుడు బి. నర్సింగరావు ‘దాసి’ తీస్తూ కళా దర్శకత్వం ఆయనకప్పగించారు. దొరసానితో పాటు అరణంగా దొర నివాసమైన గడీకి చేరే దాసీల, అంటే ఆడబాపల బతుకే ఆ సినిమా. 1988 సంవత్సరానికి జాతీయ ఉత్తమ కళా దర్శకుడి పురస్కారం ఆయన్ని వరించింది. గడీలో తల వంచుకుని నిలబడ్డ ఆడమనిషి, ఆయన కాన్వాసు మీద మాత్రం తలెత్తుకుని చోటంతా తానై నిలిచింది. చిత్రకారుడు చేయగలిగిన న్యాయం అది.

తర్వాతి ఏళ్లలో, తెలంగాణ అనగానే చాలామందికి తట్టే రూపాల్లో ఆ ఎర్రబొట్టు ముఖమూ ఒకటైంది. చేనేత కుటుంబం నుంచి వచ్చిన మరో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ కూడా తన పల్లె జనం ముఖాలనే గీశారు. 2014లో తెలంగాణ రాజముద్రకు రూపమిచ్చిందీ ఆయనే. ఊరి మనిషి ముఖం బొమ్మకు పనికొస్తుందని ఇప్పుడు ఎవరూ వాదించనక్కర్లేదు. వైకుంఠం ఏళ్ల తరబడి ఓపికపట్టి వెతికితేనే ఈ మాట ఇంత తేలికైంది.