25 తస్వీర్ల జమానా

"అబ్బా, 144 హెర్ట్జ్ లాప్‌టాప్ కావాలి. గేములు సాఫ్‌గా కనిపిస్తాయి" అని బేటా జిద్దు. నాకు అబ్బాజాన్ చెప్పిన జమానా యాదికొచ్చింది.

1975 ఆగస్టు 1న నాసా ఉపగ్రహం ఏటీఎస్-6తో 'సైట్' ప్రయోగం షురూ అయింది. ఏడాదిపాటు మన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లోనూ టీవీ వచ్చింది. ఊరంతటికీ ఒకటే డబ్బా. సెకనుకు 25 తస్వీర్లే. ఒక్కోదాన్ని రెండు సగాలుగా గీస్తే పర్దా 50 సార్లు వెలిగేది, నజరుకు మినుకు తగ్గేది.

ఇప్పుడు మామ్లా ఉల్టా. పర్దా 144 సార్లు మారినా, గ్రాఫిక్స్ కార్డు 60 తస్వీర్లే ఇస్తే పాతవే మళ్లీ చూపిస్తుంది.

"ముందు కార్డు తాకత్ చూడు బేటా. నీ ఫీజు కట్టినంక పర్దా సంగతి" అన్నాను. ఆనాడు ఒక్క పర్దా ముందు ఊరంతా కూర్చునేది. ఈనాడు మా ఇంట్లో నలుగురికి నాలుగు పర్దాలు.