హకోనే లోయలో ఒక్క రాత్రి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని అడుగుతూ మన కార్యదర్శిగారు ముందే ఒక షరతు పెట్టారు. "యాత్రా విశేషాలు చాలా వచ్చాయండీ, చరిత్ర ఉంటే చూడండి" అన్నారు. నేను రాస్తున్నది ఆ రెంటికీ మధ్య ఉంటుంది. జపానులో ఒక వేడినీటి సత్రంలో శరత్కాలాన ఒక్క రాత్రి గడిపాను. ఆ ఒక్క రాత్రి గురించే రెండు వందల ఏళ్ళ క్రితం అక్కడ ఊరికీ ఊరికీ మధ్య తగవు నడిచిందని తరువాత తెలిసింది. ముప్ఫై నాలుగేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు చూసినవాణ్ణి కనుక, ఎర్రబడ్డ చెట్ల కంటే ఆ తగవే నా మనసుకు ఎక్కువ పట్టింది.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా యోకొహామాలో ఉంటాడు. 2023లో మా దంపతులిద్దరం రెండు నెలలు అక్కడ ఉన్నాం. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులు మీలో చాలామందికి తెలిసినవే, సంఘం మీటింగుకు వస్తే మెట్లెక్కలేక కిందనే కూర్చునేది. నవంబరు 23 జపానులో శ్రమించేవారికి కృతజ్ఞత చెప్పే సెలవు రోజు. మర్నాడు కూడా సెలవు పెట్టి అబ్బాయి మమ్మల్ని హకోనే కొండలకు తీసుకువెళ్ళాడు.

ఒదవారా దాకా మామూలు రైలు. అక్కడి నుంచి హకోనే-యుమోతో, ఆపైన చిన్న కొండ రైలు. ఈ కొండ రైలు మార్గం 1919లో మొదలైంది. కొన్నిచోట్ల ప్రతి పన్నెండున్నర మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఎక్కుతుంది, మూడుచోట్ల ముందుకు పోయి ఆగి, వెనక్కు నడిచి మళ్ళీ పైకి పోతుంది. 2019 అక్టోబరు తుపానులో ఒక్క రోజున ఇక్కడ 900 మిల్లీమీటర్లకు పైగా వాన పడి ఈ మార్గం కొట్టుకుపోయింది. మళ్ళీ రైళ్ళు పూర్తిగా తిరగడానికి 2020 జూలై దాకా పట్టింది. మేము మాత్రం అంత ఎత్తుకు పోలేదు. యుమోతో తరువాతి స్టేషను తోనోసవాలోనే దిగాం. కింద హయకవా నది, రెండువైపులా నిటారు కొండలు, నదిని ఆనుకుని చెక్క సత్రాలు. కొండ మీద ఆకులు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉన్నాయి. దాని వర్ణన నా చేత కాదు.

ఈ సత్రాలను ర్యోకాన్ అంటారు. గుమ్మంలోనే చెప్పులు విప్పించారు. డెబ్బై దాటిన ఒక పనావిడ మోకాళ్ళ మీద కూర్చుని పలకరించి గదికి తీసుకువెళ్ళింది. గదిలో మంచం లేదు. గడ్డితో అల్లిన దళసరి చాపలు, పొట్టి బల్ల, కాగితపు తలుపులు. ముందు టీ, ఒక తీపి ముక్క పెట్టారు. ఖాళీ కడుపుతో వేడినీళ్ళలో దిగితే కళ్ళు తిరుగుతాయి కనుక ఆ తీపి అట. కట్టుకోవడానికి యుకాతా అనే నూలు అంగీ ఇచ్చారు. ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. నేను కుడి అంచు పైకి వేసుకునేసరికి ఆ పెద్దావిడ కంగారుగా వచ్చి సరిచేసింది. అలా శవాలకు కడతారట! మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇక అసలు సంగతి. హకోనేలో పూర్వం ఏడు ఊటల ఊళ్ళు ఉండేవి. యుమోతో, తోనోసవా వాటిలో రెండు. ఈ నీళ్ళకు వచ్చేవారు విహారానికి వచ్చేవారు కారు. రోగులు, ముసలివారు, కోతలు ముగించుకుని నడుములు పట్టేసిన రైతులు వచ్చేవారు. దానిని తోజి అంటారు, అంటే నీటి వైద్యం. ఏడు రోజులు ఒక విడత. జబ్బు మొండిదైతే మూడు విడతలు, ఇరవై ఒక్క రోజులు. మన మండల దీక్షల వంటి లెక్క అనుకోండి. షోగున్ల కాలంలో ప్రజలు అనుమతి పత్రం లేకుండా దూర ప్రయాణం చేయరాదు. తీర్థయాత్రకు, నీటి వైద్యానికి మాత్రం పత్రం సులువుగా దొరికేది. షోగున్ గారికి స్నానానికి ఈ కొండల నుంచి పీపాల్లో వేడినీళ్ళు ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకి, మోసుకుపోయేవారు. దారిలో చల్లారిపోయే నీళ్ళే, అయినా ప్రభువుల ముచ్చట!

ఎదో నుంచి క్యోతోకు పోయే తోకాయ్‌దో రాజమార్గం ఈ కొండల మీదుగానే పోతుంది. ఆ మార్గంలో మజిలీ పట్టణాలు 53. ఈ కొండకు ఇవతల ఒదవారా ఒక మజిలీ, పైన సరస్సు ఒడ్డున హకోనే ఇంకొకటి. మజిలీ పట్టణం అంటే గౌరవమే కాదు, బరువు కూడా. సర్కారు పనుల కోసం ఒక్కొక్క పట్టణం నూరుమంది మనుషులను, నూరు గుర్రాలను సిద్ధంగా ఉంచాలని నిబంధన. రాజోద్యోగి వస్తే పనులు మానుకుని మోయాలి. ఆ చాకిరీకి బదులుగా ఆ పట్టణాలకు ఒక హక్కు ఇచ్చారు: బాటసారి రాత్రి బస చేయవలసింది మజిలీలోనే. మధ్యనున్న పల్లెల్లో రాత్రి బస నిషేధం.

యుమోతో ఆ రెండు మజిలీలకూ మధ్యన ఉంది. అది మజిలీ కాదు, ఊటల ఊరు. రోగి వచ్చి ఏడు రోజులు ఉంటే ఎవరికీ ఆక్షేపణ లేదు. అయితే 18వ శతాబ్దం గడిచేకొద్దీ ఇసే ఆలయ యాత్రికుల గుంపులు పెరిగాయి. ఊళ్ళో కొందరు కలిసి, మన చీటీల మాదిరిగా డబ్బు పోగుచేసి, ఏటా కొందరిని యాత్రకు పంపేవారు. ఈ గుంపులు నడిచి నడిచి యుమోతో చేరేసరికి ఎదురుగా వేడినీళ్ళు! ఒదవారాలో ఆగకుండా ఇక్కడే స్నానం చేసి, పడుకుని, తెల్లవారి కొండ ఎక్కేవారు. అడిగితే "మేము బాటసారులం కాము, నీటి వైద్యానికి వచ్చాం, ఒక్క రాత్రి వైద్యం" అనేవారు.

మజిలీ పట్టణాల కడుపు మండింది. నూరు గుర్రాల మేత ఖర్చు వారిది, బాడుగ సొమ్ము యుమోతో వారిది. 1805లో ఒదవారా, హకోనే మజిలీలు రెండూ కలిసి ఫిర్యాదు పెట్టాయి. రాజమార్గాల వ్యవహారాలు చూసే అధికారులు విచారించి, చివరకు ఒక్క రాత్రి నీటి వైద్యం కూడా వైద్యమే అన్నట్లుగా యుమోతో పక్షాన తీర్పు ఇచ్చారు.

చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, తరువాత ఆలోచన కూడా వచ్చింది. నా కుర్చీలో ఉండి ఆ ఫైలు నా దగ్గరికి వస్తే ఒదవారా వైపే నోటు రాసి ఉండేవాణ్ణి. నిబంధన వారి వైపే ఉంది, భారం కూడా వారిదే. కాని ఆ రాత్రి, కాళ్ళు నొప్పులు పుట్టేలా నడిచి వేడినీళ్ళు చూసిన యాత్రికుని స్థానంలో మా ఆవిడను ఊహించుకున్నాక ఆ నోటు రాయడం అంత సులువు కాదనిపించింది.

ఆ తీర్పుతోనే అంతా మారిందని అనను. అయితే ఏడు రోజుల వైద్యం మెల్లగా ఒక్క రాత్రి విశ్రాంతిగా మారిన దారిలో అదొక మైలురాయి. ఇంకొకటి రోడ్డు. ఫుకుజవా యుకిచి అనే మేధావి పేరు విన్నారో లేదో. 1984 నుంచి 2024 దాకా జపాను పదివేల యెన్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. 1873లో తోనోసవాలో స్నానాలకు దిగిన ఆయన, ఇక్కడి సత్రాల యజమానులు ఒట్టి నీళ్ళు నమ్ముకుంటే లాభం లేదు, చందాలు వేసుకుని రోడ్డు వేయండని స్థానిక పత్రికలో రాశారు. యుమోతో సత్రం యజమాని ఫుకుజుమి మసాయే ఆ పని పూనుకుని 1875కల్లా రిక్షాలు వచ్చే దారి వేయించాడు. ఖర్చు రాబట్టుకోవడానికి దారి సుంకం పెట్టాడు. జపానులో అదే మొదటి టోల్ రోడ్డు అంటారు. ఆయన సత్రం ఇప్పటికీ ఉంది, 2002లో దాని భవనాలను ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించారు.

సాయంత్రం స్నానం. మగవారి గుమ్మానికి నీలి తెర, ఆడవారికి ఎర్ర తెర. లోపల ఒంటి మీద నూలు పోగు ఉండకూడదు. డెబ్బై ఏళ్ళ వయసులో కొడుకుతో కలిసి అలా వెళ్ళడానికి సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడ మాత్రం ఎవరూ ఎవరినీ చూడరు. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా తోముకోవాలి, ఆ తరువాతే తొట్టెలో దిగాలి. మన ఇళ్ళలో మడి పట్టింపులు చూసిన నాకు ఇది బాగా నచ్చింది. నీళ్ళు 42 డిగ్రీల దాకా ఉంటాయి. మెడ దాకా దిగి, కిటికీలోంచి ఎర్ర ఆకుల మీద పడుతున్న సంధ్య వెలుతురు చూస్తూ, చాలాసేపు ఏమీ ఆలోచించలేదు.

బట్టలు మార్చుకునే గది గోడకు ఒక ధ్రువపత్రం తగిలించి ఉంది. 1948 నాటి వేడినీటి ఊటల చట్టం ప్రకారం ఊట దగ్గర నీరు 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా పేర్కొన్న 19 పదార్థాల్లో ఏదో ఒకటి నిర్ణీత మోతాదులో ఉండాలి. నీటి పరీక్ష వివరాలు, ఎవరెవరు దిగకూడదో గోడ మీద పెట్టాలి. 2004లో నగానో ప్రాంతంలో పేరుమోసిన ఒక ఊటల ఊరిలో నీళ్ళకు రంగు రావడానికి పొడి కలుపుతున్నారని బయటపడి పెద్ద గొడవ అయింది. మరుసటి ఏడాది నుంచి నీళ్ళు కలిపినా, వేడి చేసినా ఆ సంగతి కూడా రాసి పెట్టాలన్నారు. అబ్బాయి చేత మొత్తం చదివించుకున్నాను. "నాన్నా, ఇక్కడ కూడా ఆడిటేనా" అన్నాడు.

మా ఆవిడ స్నానం సంగతి కోడలు చెబితే తెలిసింది. మొదట గుమ్మం దగ్గరే నిలబడిపోయిందట. లోపల ఎనభై ఏళ్ళ జపాను ముసలావిడ ఒకరు తన మోకాలు చూపించి, ఈవిడ మోకాలు చూపించి, నీళ్ళలోకి రమ్మని చేయి ఊపిందట. ఇక ఇద్దరూ అరగంట పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు.

భోజనం గురించి ఒక మాట. శాకాహారులకు చిక్కే. అక్కడి చారులన్నిటికీ ఎండు చేప పులుసే మూలం. అబ్బాయి ముందే రాసి ఉంచాడు కనుక సముద్రపు నాచుతో చేసిన చారు, సోయా పాల మీగడ, కూరముక్కలు, అన్నం పెట్టారు. మేము భోంచేసి లేచేసరికి గదిలో పరుపులు పరిచేశారు.

పరుపులు వేసింది ఆ పెద్దావిడే. మేము యోకొహామా నుంచి వచ్చామని విని కాసేపు ఆగి ఒక సంగతి చెప్పింది, అబ్బాయి తర్జుమా చేశాడు. 1944 ఆగస్టులో బాంబుల భయంతో యోకొహామా బడిపిల్లలను పంతుళ్ళతో సహా హకోనే సత్రాలకు తరలించారు. వాళ్ళమ్మ అప్పుడు ఈ లోయలోనే ఒక సత్రంలో వంట పని చేసేదట. బియ్యం చాలేవి కావు, పిల్లలు ఆకలికి, బెంగకు రాత్రిళ్ళు ఏడిచేవారు. అడిగినంత ఇవ్వగలిగింది వేడినీళ్ళు ఒక్కటే కనుక వాళ్ళమ్మ ఏడ్చేవారిని లేపి స్నానానికి తీసుకుపోయేదట. 1945 మే 29న యోకొహామా నగరం బాంబుదాడిలో తగలబడింది. "కొందరికి ఇంటి నుంచి ఎవరూ రాలేదు" అని మాత్రం చెప్పి, దీపం తగ్గించి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

ఇలాంటి మనుషులే ఇప్పుడు కరువవుతున్నారు. 1980 ప్రాంతంలో జపానులో 80 వేలకు పైగా ఉన్న ర్యోకాన్లు 2017 నాటికి 40 వేల లోపుకు దిగాయి. పిల్లలు పట్నాలకు పోయారు, సత్రం నడిపే వారసులు లేరు, మోకాళ్ళ మీద కూర్చుని టీ ఇచ్చే పనికి కుర్రవాళ్ళు రారు. 2018లో చట్టం సవరించి హోటలు, ర్యోకాన్ అనే రెండు రకాల లైసెన్సులనూ ఒకటి చేశారు. లెక్కల్లో ర్యోకాన్ అనే పద్దు అప్పుడే పోయింది.

తెల్లవారుజామున నేను ఒక్కణ్ణే మళ్ళీ స్నానానికి బయలుదేరాను. ఎడమ గుమ్మం అని గుర్తు పెట్టుకుని తిన్నగా పోతుంటే ఆ పెద్దావిడే పరుగున వచ్చి అడ్డం నిలబడింది. ఉదయాన తెరలు తారుమారు చేస్తారట, అందరికీ రెండు స్నానశాలలూ దక్కాలని. నేను చూసుకోవలసింది గుమ్మం కాదు, తెర రంగు. నిన్న యుకాతా, ఇవాళ ఇది. ఆవిడ రెండుసార్లు నా పరువు కాపాడింది.

బయలుదేరేటప్పుడు మా ఆవిడ మెట్లు కాస్త సులువుగా దిగింది. నొప్పి పోయిందని రాస్తే అబద్ధం, ఆ సాయంత్రానికే మళ్ళీ వచ్చింది. "ఏమండీ, ఏడు రోజులుంటే తగ్గేదేమో" అంది. అబ్బాయికి ఉన్న సెలవు ఒక్క రోజే. మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు వస్తాయి, అక్కడికైనా ఈసారి తీసుకువెళతానని మాట ఇచ్చాను.

బిల్లు నేనే చూశాను. అలవాటు పోదు కదా. చివరి వరుసలో స్నానపు పన్ను అని మనిషికి 150 యెన్లు విడిగా వేశారు. ఆ సొమ్ము ఊటల రక్షణకు, అగ్నిమాపక సదుపాయాలకు, పర్యాటకానికి స్థానిక సంస్థ ఖర్చు పెట్టాలని చట్టం. నలుగురికి 600. కూడిక సరిపోయింది. పెద్దావిడ, యజమానురాలు గుమ్మంలో నిలబడి మేము మలుపు తిరిగేదాకా వంగి నమస్కరిస్తూనే ఉన్నారు.