వమన పరిశోధనలో చుంచెలుక: గంజాయి ఔషధ చరిత్రలో ఒక ఘట్టం

గౌతమీ గోదావరి వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెట్టిన వారికి కోనసీమ మొదలవుతుంది. అరటి, కొబ్బరి తోటల నడుమనున్న ఇక్కడి ఇళ్లలో రాత్రివేళ గోడవారగా కిచకిచమంటూ పరుగెత్తే చుంచెలుకను ఎరుగనివారు అరుదు. దాని కంపుకు పిల్లి సైతం దానిని తినడానికి వెనుకాడుతుంది. పేరులో ఎలుక ఉన్నా అది ఎలుక జాతి కాదు. పురుగులను తిని బతికే వేరొక కుటుంబపు జీవి. 1766లో లిన్నేయస్ వర్ణించిన ఈ జీవి నేటి శాస్త్రనామం సుంకస్ మురినస్. గంజాయిలోని కానబినాయిడ్లు వాంతిని ఎట్లా అణచగలవన్న పరిశోధనలో దీనికి గణనీయమైన స్థానం ఉంది.

జంతువును బట్టి ఫలితం మారుతుందన్న ఎరుక ఈ పరిశోధనలో మొదటినుంచీ ఉన్నదే. 1839లో కలకత్తాలో వైద్యుడు ఓషానెస్సీ గంజాయిని రోగులకు ఇచ్చేముందు జంతువులపై పరీక్షించాడు. కుక్కలు, పిల్లులు, పందులు త్వరగా మత్తెక్కగా, మేకలు, గొర్రెలు, ఆవులలో ప్రభావం స్వల్పమేనని ఆయన గుర్తించాడు.

1964లో మెషూలామ్, గావోనీలు గంజాయిలోని మత్తు పదార్థమైన టిహెచ్‌సిని శుద్ధరూపంలో వేరుచేశారు. కేన్సర్ మందుల వల్ల కలిగే వాంతులను అది తగ్గిస్తుందని 1975లో అమెరికా వైద్యులు ప్రకటించారు. 1985లో ఆ దేశం డ్రోనాబినాల్, నాబిలోన్‌లను ఔషధాలుగా ఆమోదించింది. మనదేశంలో గంజాయిని కఠినంగా నిషేధించిన మాదకద్రవ్యాల చట్టం అమలులోకి వచ్చినదీ ఆ ఏడాదే కావడం యాదృచ్ఛికమే.

మందు పనిచేస్తున్నదని తెలిసినా, ఎట్లా పనిచేస్తున్నదో తేల్చడం కష్టమైంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఎలుకలకు, చిట్టెలుకలకు వాంతి చేసుకునే శక్తి లేదు. పిల్లులు, ఫెరెట్లతో ప్రయోగాలు సాగాయి గాని, వాటికి మందు ఎక్కువ కావాలి, పోషణభారమూ ఎక్కువే. 1987లో జపాను పరిశోధకులు చుంచెలుకను కొత్త నమూనాగా ప్రతిపాదించారు. మందులకే కాక ఊపుకు కూడా ఈ చిన్నజీవి వాంతి చేసుకుంటుందని వారు చూపారు. బస్సు ప్రయాణం పడనివారి వంటిదే దీని అవస్థ!

2001లో ఫెరెట్లపై జరిగిన పరిశోధన, మెదడు కాండంలోని సిబి1 గ్రాహకాల ద్వారా కానబినాయిడ్లు వాంతిని ఆపుతాయని నిరూపించింది. 2004లో కెనడా పరిశోధకురాలు లిండా పార్కర్ బృందం లిథియం క్లోరైడ్ వల్ల కలిగే వాంతులను చుంచెలుకలలో పరిశీలించింది. టిహెచ్‌సి మోతాదు పెరిగినకొద్దీ వాంతులు తగ్గాయి. గంజాయిలోనిదే అయిన కానబిడయోల్ మాత్రం తక్కువ మోతాదులో వాంతిని అణచి, ఎక్కువ మోతాదులో పెంచింది. దీర్ఘకాలం గంజాయి వాడినవారిలో ఆగని వాంతులు కలుగుతున్నాయని ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించినదీ అదే ఏడాది. అయితే ఈ రెండింటికీ కారణం ఒకటేనని భావించడం తొందరపాటవుతుంది.

2006 నాటి ప్రయోగం మరింత విశిష్టమైనది. కేన్సర్ రోగులలో కొందరికి మందు ఎక్కించకముందే, ఆసుపత్రి మెట్లెక్కగానే కడుపులో తిప్పుతుంది. ఈ స్థితిని పరీక్షించడానికి చుంచెలుకలను ఒక ప్రత్యేకమైన పెట్టెలో ఉంచి పలుమార్లు లిథియం ఇచ్చారు. తరువాత మందేమీ ఇవ్వకుండానే అదే పెట్టెలో పెట్టినా అవి ఓకరించాయి. కేన్సర్ చికిత్సలో వాంతులకు విరివిగా వాడే ఒండాన్‌సెట్రాన్ ఆ ఓకరింతలను ఆపలేదు. టిహెచ్‌సి, కానబిడయోల్ రెండూ వాటిని తగ్గించాయి.