ఆంగ్ల క్రియాకాలాల బోధన: నల్లగొండ, పాలమూరు జిల్లాలలో ఉర్దూ వారధి

1948 వరకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం రాజ్యంలోనివి. సర్కారీ ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ అదే మాధ్యమం, ఇంగ్లీషు అనివార్య పాఠ్యాంశం. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ గల విద్యార్థికి ఇంగ్లీషు మూడవ భాష. ఈ ఏర్పాటు వలన తెలుగుకు అన్యాయం జరిగినదన్న మాట నిర్వివాదం. అయినను క్రియాకాలాల విషయంలో వేరొక సంగతి గమనింపదగినది.

ఉర్దూలో 'ఆయా', 'ఆయా హై' అనేవి రెండు వేర్వేరు రూపాలు. ఇంగ్లీషులోని 'కేమ్', 'హాజ్ కమ్' అనువాటికి అవి దాదాపు సరిపోతాయి. ఈ ప్రాంతపు తెలుగులో రెండింటికీ 'వచ్చిండు' ఒక్కటే. భేదం కావలసినచోట 'ఇప్పుడే', 'నిన్న' వంటి మాటలు ఆ పని చేస్తాయి. అనగా ఆనాటి విద్యార్థికి పరాయి మాధ్యమమే ఈ ఒక్క మెట్టు దగ్గర ఊతమైనదని ఊహింపవచ్చును.

రష్యన్ విద్యార్థికి ఆ ఊతం లేదు. అతని భాషలో పని ముగిసినదా, సాగుచున్నదా అన్న భేదం క్రియలోనే ఉన్నది గాని 'హాజ్ కమ్' వంటి ప్రత్యేకరూపం లేదు. ముగిసిన పని కనబడగానే 'హాజ్' చేర్చుట అతనికి సులభమైన పొరపాటు.

తెలుగు మాధ్యమం వచ్చిన పిదప వ్యాకరణ పుస్తకాలు 'హాజ్ కమ్'కు 'వచ్చియున్నాడు' అని అర్థం చెప్పినవి. పాలమూరు పల్లెలో ఎవరూ అట్లా అనరు. అన్నచో, వచ్చినవాడు ఇంకను ఇంట్లోనే ఉన్నాడని వినువారు తలుస్తారు.