పల్నాటి సున్నపురాయి

పల్నాడు జిల్లాలో మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాల్లో నేలకింద విస్తారంగా పరుచుకున్న అవక్షేప శిల. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. నీటిలోని కాల్షియం కార్బొనేట్ సన్నటి బురదగా అడుగుకు దిగి, పొర మీద పొర పేరుకుని రాయిగా గట్టిపడింది. గవ్వలు, నత్తలు ఇంకా పుట్టని కాలమది. ఈ రాతిలో వాటి ఆనవాళ్లు వెతకడం వృథా. భూవిజ్ఞానులు దీన్ని కర్నూలు శిలా సముదాయంలో చేర్చారు. ఆ శిలలపై భూవిజ్ఞాని విలియం కింగ్ గ్రంథం 1872లో వెలువడింది.

మాచర్ల నాపరాళ్ల క్వారీలో పొరల సందున గునపం దూర్చి ఎత్తితే రాయి పలకలుగా లేస్తుంది. ఇంట్లో పరిచిన అలాంటి ప్రతి బండా ఒకనాటి సముద్రపు అడుగే.

ఈ రాయి ఎల్లలు దాటడం కొత్త కాదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు చెక్కింది దీన్నే. పల్నాటి రాతి శిల్పాలు సింహళంలోనూ బయటపడ్డాయి. అమరావతి ఫలకాలు 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అప్పుడు రాయికి విలువ తెచ్చింది ఉలి. ఇప్పుడు టన్నుల లెక్క.

ఈ రాయే ముడిసరుకుగా కె.సి.పి. సంస్థ 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారం పెట్టింది. 1989లో కేంద్రం సిమెంటు ధరలపై, పంపిణీపై నియంత్రణ పూర్తిగా ఎత్తేసింది. 1991 సంస్కరణలతో పెట్టుబడులకు దారులు తెరుచుకున్నాయి. కృష్ణకు అటూ ఇటూ ఫ్యాక్టరీలు లేచాయి, లారీలకూ కూలీలకూ పని దొరికింది. దేశంలోని సిమెంటు కొలుములు విదేశీ పెట్‌కోక్ ఇంధనానికి అలవాటుపడ్డాక, డాలరు ధర పెరిగినా బస్తా ఖర్చు పెరుగుతోంది.

పర్యావరణ నష్టమంటే చాలామంది దుమ్మునే చూస్తారు. అసలు సంగతి కాల్చడంలో ఉంది. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నమైనా, ఫ్యాక్టరీల్లో సిమెంటుకు మూలమైన క్లింకరైనా రాయిని కాల్చాల్సిందే. స్వచ్ఛమైన సున్నపురాయి 100 టన్నులు పూర్తిగా కాలితే 56 టన్నుల సున్నం మిగిలి, 44 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఇంధనం పొగ దీనికి అదనం. సౌర విద్యుత్తుతో కాల్చినా ఆ 44 టన్నులు తప్పవు. సముద్రం యుగాల తరబడి రాతిలో బంధించిన కర్బనం ఒక్కపూటలో బయటపడుతుంది. ఇక అది పల్నాడు ఒక్కదాని బాధ కాదు.

తవ్వకాల్లో అక్రమాలూ ఉన్నాయి. కేశానుపల్లి, నడికుడి, కోనంకి గ్రామాల్లో అనుమతుల్లేని తవ్వకాలపై 2020లో సీబీఐ కేసు నమోదు చేసింది.